శెట్టి ఇంట్లో పొట్టేలు

మా బావ పోయినాడని ఫోనొస్తే నేను నమ్మలే. అది నా చేతులారా తెచ్చుకున్నదే. ఇన్నేండ్లూ ఫోన్లు చేసి అక్కనూ బావనూ ఆట పట్టించినోణ్ణి నేనే గదా. ఒగసారి గొంతు మార్చి, "మహానందికి పోతాండామమ్మా, బస్సు నిండా జనం, మీ ఇంట్లో దిగి భోంచేసి పోతాం" అంటే అక్క ఎసరు కూడా పెట్టేసింది. అందుకే మా మేనకోడలు ఫోన్ చేసి, "మామా, నాయన లేడు" అంటే, "యాడికి పోయినాడు? వెలుగోడుకు పోయినాడా చేపలు తినను?" అన్నా. ఆ పాప ఏడుపు ఆపేసి ఊరికే ఉండిపాయ. అప్పుడు అర్థమాయ నాకు.

ఆళ్లగడ్డలో నా ప్లాస్టిక్ సామాన్ల అంగడికి తాళమేసి నంద్యాల బస్సెక్కినా. సీట్లు ఖాళీగానే ఉండాయి. కూర్చోబుద్ధి కాలే.

అంగట్లో కుర్చీలోనే పోయినాడంట. అంతకు ముందే ఒగామె ధనియాలు అడిగితే, "ఈసారి సరుకు బాగ రాలేదమ్మా, ఎదురంగట్లో తీసుకో" అన్నాడంట. ఆమె ఎదురంగట్లో ధనియాలు కట్టించుకోని వెనక్కి తిరిగేతలికి మా బావ తల వాల్చేసి ఉండాడు. పోతా పోతా కూడా బేరం ఎదురోడికి పంపించే పోయినాడు. ఇట్లాంటి మనిషి చిల్లరంగడి ఎట్ల నడిపినాడని నన్నడగొద్దు. ఆ సంగతి మా అక్కకే తెలీదు.

ఆ పొద్దు జనమంతా వచ్చినారు. పేటలో పెద్దమ్మ జాతర చేయించే పెద్దాయన కూడా కర్ర పట్టుకోని వచ్చినాడు. నా భుజమ్మీద చెయ్యేసి, "మీ బావ జన్మలో ఒగే ఒగ అబద్ధం ఆడినాడప్పా. అదీ నీ కోసం. అంత మంచోడు" అన్నాడు.

శవం ముందర నిలబడుకోని వాదన పెట్టుకుంటామా? సరేన్నా అని తలూపినా. కానీ ఇంటికొచ్చినప్పట్నించీ ఆ మాట పోవడంలే. మా బావ ఆ ఒగటి కూడా ఆడలేదు. ఆ పొద్దు ఆయన చెప్పింది అచ్చంగా నిజం. నేను ఏడో తరగతితోనే బడికి నమస్కారం పెట్టినోణ్ణి, రాతలో తప్పులుంటే మీరే సర్దుకోండి. విషయం మాత్రం సరిగ్గా చెప్తా.

మా బావకు తప్పిపోయిన జీవాలంటే ఒగ తగులాటం. ఆ వీధిలో మెడకు పట్టీ ఉండే కుక్క కనపడినా, ఎవరో ముద్దుగా సాక్కునే పిల్లి దారి తప్పి వచ్చినా, "శెట్టి దగ్గర పెట్టప్పా, ఆయన చూసుకుంటాడు" అనేటోళ్లు. ఆయన పద్ధతి ఆయనది. ముందు నీళ్లు పెడతాడు. తర్వాత తిండి. ఆ తర్వాత పక్కనే కుర్చీ ఏసుకోని, పెండ్లి సంబంధం చూసేదానికి వచ్చినోడి మాదిరి దాన్నే చూస్తా కూర్చుంటాడు. భయపడతాండాదా, అలసిపోయిందా, ఏ దిక్కుకు తిరిగి చూస్తాండాదీ అని. పేరు మాత్రం పెట్టనీడు. మా అక్క ఒగసారి ఒగ తెల్ల కుక్కను "టామీ" అనబోతే, "దానికి పేరుండాదే. మనకు తెలీదు, అంతే" అన్నాడు.

ఇంగొగటి. ఏం దొరికిందో బయట చెప్పడు. రోడ్డు మీద పొయ్యే ఆటోవాళ్లకు తన నంబరిచ్చి, "ఎవరన్నా ఏదన్నా పోగొట్టుకోని తిరుగుతాంటే నాకు ఫోన్ చెయ్యమను" అంటాడు. అంతే. రంగూ మచ్చలూ మనమే చెప్పేస్తే ఎవడైనా నాదే అంటాడంట. "అడిగేటోడికి ఇయ్యొద్దురా. ఎతికేటోడికి ఇయ్యి" అనేటోడు.

దీనివల్ల ఆయనకొచ్చే ఫోన్లు మీరు వినాల. గొడుగు పోయిందని ఒగడు, కట్టుడు పండ్లు పోయినాయని ఒగడు. ఒగాయనైతే, "మా ఆడమనిషి అలిగి పోయిందప్పా, మీ దగ్గరేమన్నా ఉండాదా?" అని. మా బావ ఫోన్ చేత్తో మూసి మా అక్క వైపు చూసి, "లేదప్పా, ఈడుండేది మాదే" అన్నాడు.

ఇట్లుండగా ఒగ పొద్దున అంగడి తలుపు తీస్తే ఎదురుగ్గా పొట్టేలు. మంచి ఎర్ర పొట్టేలు, కొమ్ములు మెలి తిరిగి, నెత్తిన ఇంత గడ్డి. మనుషుల్ని చూసి బెదరదు. సరుకు కొనను నంద్యాల పోయి అక్కింట్లోనే పడుకోనుండా కాబట్టి నేనూ చూసినా. ఇంగ ఆ తమాషా ఇడిసి ఆళ్లగడ్డకు పోబుద్ధి కాలే.

వీధంతా పోగైంది. కుక్కను చూస్తే జాలి పడే జనం పొట్టేలును చూసి జాలి పడరు. చూసిన ప్రతి ఒక్కని కండ్లల్లో మసాలా కనపడె. ఎవరింట్లో కట్టెయ్యాలనేది పెద్ద పంచాయితీ. ఒగర్ని ఒగరు నమ్మరు. చివరికి ఎవరో అన్నారు, "శెట్టింట్లో కట్టండప్పా. ఆ ఇంట్లోకి గుడ్డు కూడా పోదు."

అందరూ ఒప్పుకున్నారు. నేను కూడా ఆ ఇంటికి బామ్మర్దినే, "నేను చూసుకుంటాలే" అన్నా. ఎవరూ తల కూడా తిప్పలే. ఆళ్లగడ్డలో నేను ఏం తింటానో నంద్యాల దాకా తెలుసు.

మా అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోని, "వంటింటి ముందర ఏందప్పా ఇది?" అని మొదలుపెట్టింది. అరుగు మీద టీ గ్లాసు పెట్టి లోపలికి పోయొచ్చేతలికి గ్లాసు ఖాళీ. నా వైపు చూసింది.

"నేను కాదక్కా."

"నువ్వు కాకుంటే ఎవర్రా?"

రెండో గ్లాసు పెట్టింది. మేమిద్దరం చూస్తాండంగానే పొట్టేలు వచ్చి, మూతి గ్లాసులో పెట్టి, చుక్క కింద పడకుండా తాగి, పెదవులు నాక్కునింది. మా బావ లేచి నిలబడినాడు.

"ఇది మందలోది కాదురా. ఎవరో ఇంట్లో పెంచినారు. ఏడుస్తాంటారు వాళ్లు" అన్నాడు.

ఆ రోజు నుంచి నాదంటే నాదని వచ్చేటోళ్లు మొదలైనారు. మా బావ ఒగటే అడుగుతాడు, "ఏం పెడతాంటివప్పా దీనికి?"

"ఆకు."

"ఇంగ?"

"గడ్డి."

"తాగను?"

"పొట్టేలు నీళ్లు కాకుంటే బ్రాందీ తాగుతాదా శెట్టీ?"

"నీది కాదులే, పోయిరా."

ఒగాయన పెండ్లాన్ని కూడా తోడుకోని వచ్చినాడు. ఆమె పొట్టేలు మెడ పట్టుకోని, "కన్నబిడ్డ మాదిరి సాకినామప్పా" అని ఏడ్చింది. నిజం చెప్తాండా, నాకు కూడా ముక్కులో నీళ్లొచ్చె. మా బావ మాత్రం వాళ్లొచ్చిన ఆటోలోకి తొంగి చూసినాడు. సీటు మీద పెద్ద డేగిసా, దాంట్లో కొత్తిమీర కట్ట.

"డేగిసా ఎందుకమ్మా?" అన్నాడు.

"దానికి నీళ్లు పెట్టను."

"కొత్తిమీర?"

ఆమె ఏడుపు ఆపి మొగుని వైపు చూసింది. "అప్పుడే కొనొద్దంటినా నీకు?" అనింది.

ఇట్ల వచ్చి అడిగేటోళ్లతో బాధ లే. ఒగ మధ్యాన్నం బావ కునుకు తీస్తాంటే ఎవడో తాడు విప్పుకోని పోబోయినాడు. పొట్టేలే వాణ్ణి మోకాలి మీద పొడిచి వెనక్కొచ్చింది. అది చూసినాక మా బావకు భయం పట్టుకునింది. అంగట్లోకి పోయి గుప్పెడు పసుపు తెచ్చి నీళ్లలో కలిపి దాని మెడకూ నొసటికీ పూసి, మధ్యలో కుంకం పెట్టినాడు.

"ఏంది బావా ఇది?" అన్నా.

"దిష్టి తగలకుండా" అన్నాడు.

అంతే అన్నాడు, అంతే అనుకున్నాడు. కానీ మన పక్క పసుపు పూసిన పొట్టేలును చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? అమ్మవారికి మొక్కినదని. సాయంత్రానికి వీధి మొత్తం మారిపాయ. మసాలా కండ్లన్నీ భక్తి కండ్లైనాయి. ఆడోళ్లు దాని కాళ్లకు నీళ్లు పోస్తారు, అరటిపండ్లు పెడతారు. కొత్తిమీర జంట కూడా వచ్చి టెంకాయ కొట్టి పోయినారు. పొట్టేలు అన్నీ తినేసి, టీ కోసం మా అక్క వైపు చూస్తాది. నాకైతే అంత సంబరం జన్మలో లే. దాని పక్కన నిలబడుకోని వచ్చినోళ్లకంతా కుంకం కూడా పెట్టినా. బావ నన్ను తిట్టి లోపలికి పంపించినాడు.

సంబరం అయిపోయిందెప్పుడంటే, జాతర పెద్దాయన వచ్చినప్పుడు.

"శెట్టీ, అమ్మ తన పొట్టేలును నీ ఇంటికి పంపించింది. నీ అదృష్టం. వచ్చే మంగళారం జాతర. ఆ పొద్దున వచ్చి తోలుకోని పోతాం" అన్నాడు.

మా బావ మొగం చూడాల్సిందే. డేగిసా నుంచి కాపాడను పూసిన పసుపు దాన్ని నేరుగా కత్తి కిందికి తీసకపోతాండాది. అరుగు దిగి పెద్దాయన ముందర చేతులు కట్టుకోని నిలబడినాడు.

"అన్నా, అది మొక్కుబడి పొట్టేలు కాదు. పసుపు పూసింది నేను."

పెద్దాయన ఆయన్ను చూసి, నన్ను చూసి, మల్లా ఆయన్ను చూసి నవ్వినాడు.

"నీ బామ్మర్ది పూసింటాడు. నువ్వు మీదేసుకుంటాండావ్."

"లేదన్నా, నేనే."

"నీకట్లాంటి బుద్ధులు యాడియి శెట్టీ?"

నేను ముందుకొచ్చి, "నిజమేన్నా, బావే పూసినాడు, నేను చూసినా" అన్నా.

"నువ్వు చెప్పినావంటే ఇంగ అది నిజం అయ్యే మాటే లే" అన్నాడు ఆయన. నిలబడినోళ్లంతా నవ్విరి.

కందిపప్పులో పురుగుందంటే నమ్మిన వీధి, తూకం తక్కువైందని పిలిచి మరీ ఇస్తే నమ్మిన వీధి, మొదటిసారి మా బావ మాట నమ్మలే. అదీ ఒగ జీవం ప్రాణం దాని మీద ఉన్నప్పుడు. ఆ రాత్రి అన్నం సగంలో లేచినాడు. అక్క ఏమన్నా అంటాదని నేను కూడా సగంలో లేచి, మల్లా కూర్చోని తిన్నా.

జాతర ముందు రోజు బావకు ఒగ ఫోనొచ్చింది. శిరివెళ్ల నుంచి ఎవరో ముసలామె. ఆటోవాళ్లు నంబరిచ్చినారంట. గొంతు నాకూ వినపడతాండె. "నాయనా, మావాడు కనపడకుండా పోయినాడు. మేత బండి ఎక్కి తింటా తింటా నిద్రపోయింటాడు, బండోడు చూడకుండా తోలకపోయింటాడు. టీ తాగినాడో లేదో" అని ఏడుపు.

మా బావ ఒగ చేత్తో కండ్లద్దాలు తీసి పక్కన పెట్టినాడు. "తాగినాడమ్మా. రోజూ తాగుతాండాడు. ఎర్రగుంటాడా?" అన్నాడు. తర్వాత ఆమె గొంతు తగ్గించి ఏందో చెప్తాంటే, "ఓహో... రోజూనా?... బోరు కాడనా?... టువాలతోనా?... సరేమ్మా. నిమ్మళంగా ఉండు. రేపు తెస్తా" అని పెట్టేసినాడు.

"రేపు తెస్తానంటావే, రేపు జాతర గదా?" అన్నా.

చెప్పులేసుకోని పెద్దాయన దగ్గరికి పోయినాడు. నేనూ ఎంటబడితి.

"అన్నా, దీని మనుషులు శిరివెళ్లలో దొరికినారు" అన్నాడు.

"దొరికితే దొరకనీ. అమ్మకు పసుపు పడినాక మనుషులేంది?"

"సరే. నా మాట నమ్మొద్దు. అమ్మనే అడుగుదాం. నీళ్లు పోద్దాం. ఒళ్లు విదిలిస్తే నీది. విదిలించకపోతే దాని ఇంటికి తోలిద్దాం."

మీకు తెలిసిందే గదా, పొట్టేలు మీద పసుపు నీళ్లు చల్లితే అది ఒళ్లు విదిలించాల. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్ల. పెద్దాయన పకపకా నవ్వినాడు. నీళ్లు పడితే విదిలించని పొట్టేలు ఈ భూమ్మీద యాడుండాది? "అట్లే కానీ శెట్టీ" అన్నాడు. నేను దార్లో బావ చెయ్యి గుంజి, "దాన్ని నువ్వే చంపుతాండావ్" అన్నా. "నోరు మూసుకోని రా" అన్నాడు.

మంగళారం పొద్దున గుడి ముందర జనం. పలకలు మోగుతాండాయి. పొట్టేలును మధ్యలో నిలబెట్టినారు. పెద్దాయన యాపమండతో పసుపు నీళ్లు చల్లినాడు.

పొట్టేలు కండ్లు మూసుకునింది.

చెంబుతో వీపు మీద పోసినారు. ఒగ పక్క పోస్తే, రెండో పక్కకు తిరిగి నిలబడింది, ఈడ కూడా పొయ్యండి అన్నట్ల. పలకలోళ్లు వాయించడం ఆపి చూస్తాండారు. బిందె తెచ్చినారు. బిందె కూడా పోసినారు. మెడెత్తి గొంతు కింద పోయించుకునింది. నీళ్లు కారతాండాయి గానీ పొట్టేలు మాత్రం శిల్పి కొట్టిన రాయి మాదిరి నిలబడె. ఎవడో, "ముక్కులో పొయ్యండప్పా" అన్నాడు. పెద్దాయన వాని వైపు కర్ర లేపి, "అమ్మను అడుగుతాండామా, బెదిరిస్తాండామా?" అన్నాడు. ఆ మాటకు ఆయనంటే నాకిప్పటికీ గౌరవం.

అప్పుడు పొట్టేలు మెల్లగా తల తిప్పి మా బావ వైపు చూసింది. బావ భుజమ్మీద టువాల ఉండె. బావ ఆ టువాల తీసి, మడిచి, చంకలో పెట్టుకోని, చెయ్యి బిగించినాడు. నాకేం అర్థం కాలే.

పెద్దాయన చాలాసేపు చూసి, చెంబు కింద పెట్టినాడు. "అమ్మకు వద్దంట. తోలకపో శెట్టీ" అన్నాడు.

బేగా ఆటో మాట్లాడి, పొట్టేలును మా ఇద్దరి మధ్య ఎక్కించుకోని ఊరు దాటినాం. దాటినాక అడిగినా, "ఏం మంత్రమేసినావు బావా?"

"మంత్రం లే, ఏం లే. ఆమె రోజూ దానికి బోరు కాడ నీళ్లు పోస్తాది. పోసి టువాలతో తుడుస్తాది. తుడిచేదాకా కాలు కదపదంట."

"అంటే ఆ పెద్దాయన్ను మోసం చేసినట్ల కాదా?"

మా బావ మనసులో తూకమేస్తాండాడని తెలుస్తానే ఉండె. చివరికి అన్నాడు, "నేను అడుగుదామన్నా. వాళ్లు అడిగినారు. అది రోజూ నీళ్లు పోసుకుంటాదని అమ్మకు తెలీదా? తెలిసి కూడా ఊరకుండె. ఆమెకు లేని పట్టింపు నీకెందుకురా?"

"మరి ఇప్పుడన్నా తుడవొచ్చు గదా పాపం, ఎంతసేపని నిలబడతాది?"

"అవును గదా" అని బావ చంకలో నుంచి టువాల తీస్తాండాడు. పొట్టేలుకు ఓపిక అప్పటికే అయిపోయింది. తల మొదలుకోని తోక దాకా, ఆటో ఊగిపొయ్యేటట్ల విదిలించింది. పోసిన నీళ్లన్నీ మా బావ మీదకు వచ్చినాయి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, కండ్లద్దాలు, అన్నీ పసుపు. ఆటో అతను అద్దంలో చూసి బ్రేకేసినాడు. మా బావ తల బయట పెట్టి వెనక రోడ్డు మీద ఎవరన్నా వస్తాండారా అని చూసినాడు. ఎవరూ లేరు. "పోనీ అప్పా, పోనీ, బేగా పోనీ" అన్నాడు.

శిరివెళ్ల స్టాపు కాడ ఒగ ముసలామె నిలబడుకోనుండాది. చేతిలో టీ గ్లాసు, చల్లారకుండా మీద కొంగు కప్పుకోని. పొట్టేలు ఆటో ఆగకముందే దూకింది. అది టీ తాగుతాంటే, ఆమె మా బావ చేతిలో నుంచి టువాల గుంజుకోని, దాని కొమ్ముల సందులూ చెవులూ తుడిచింది. తుడుస్తా తుడుస్తా తల పైకెత్తి, పసుపు కారతాండే మా బావను చూసింది. ఏమీ అడగలే. లేచి, అదే టువాల పొడి అంచుతో ఆయన మొగం తుడవబట్టింది, నొసలూ చెంపలూ మెడ వెనకా. మా బావ కండ్లద్దాలు చేత్తో పట్టుకోని, కండ్లు మూసుకోని, ఆమెకు అందేటట్ల తల వంచి, నడిరోడ్డు మీద కదలకుండా నిలబడినాడు.